చేతితో తిప్పే కాయిల్ వైండింగ్ మెషిన్: మాగ్నెటో కాయిళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

పత్తికి, మిరపకు మందు కొట్టే అదునులో నర్సంపేట, పరకాల దిక్కు ఊళ్లలో ఇంజన్ ఆగిందంటే మొదట చూసేది స్పార్కు వస్తున్నదా లేదా అనే. పాత పాయింట్ల (కరెంటును తెంపి స్పార్కు పుట్టించే స్విచ్చు) ఇంజన్లకు, కిరోసిన్ పంపుసెట్లకు సరిపోయే మాగ్నెటో కాయిల్, అంటే బ్యాటరీ లేకుండా ఫ్లైవీల్ అయస్కాంతంతో స్పార్కు ఇచ్చే కాయిల్, అడిగిన షాపులో దొరకడం తగ్గిపోయింది. ఫ్యాన్లు, మోటర్లు చుట్టేవాళ్ల బల్ల మీద ఉండే చేతి మెషిన్ ఇంట్లో పెట్టుకుంటే పని అవుతుందా అంటే, అవుతుంది. కానీ ఈ మెషిన్ తిప్పడం, లెక్కపెట్టడం వరకే చేస్తుంది. కాయిల్ నాలుగు కాలాలు నిలవడం మాత్రం పొరల మధ్య వేసే కాగితం మీద, ఆరబెట్టే తీరు మీద, వార్నిష్ మీద ఉంటుంది.

ఇక్కడ చెప్తున్నది నాలుగు అంకెల కౌంటర్, రెండు గేర్లు ఉన్న పోత ఇనుప మోడల్ గురించి. వేగం గేర్లో హ్యాండిల్ ఒకసారి తిప్పితే బాబిన్ (వైరు చుట్టే చట్రం) ఎనిమిది సార్లు తిరుగుతుంది. వెనక్కి తిప్పితే అంకె కూడా తగ్గుతుంది కాబట్టి పాత కాయిల్ విప్పేటప్పుడు టర్న్స్ లెక్క తేలిగ్గా దొరుకుతుంది. దీన్ని బల్లకు బోల్టులతో బిగించాల్సిందే, లేకుంటే ఊగి సన్న వైరు తెగుతుంది. దీంతో వచ్చే శంకు ఆకారపు బిగింపులు గుండ్రటి బాబిన్‌కే పట్టు ఇస్తాయి. మాగ్నెటో కాయిల్ రంధ్రం నలుచదరంగా ఉంటుంది. కోర్ (కాయిల్ నడుమ ఉండే ఇనుప ముక్క) కొలతకు టేకు ముక్క చెక్కి, నడుమ రంధ్రం వేసి షాఫ్టుకు ఎక్కించాలి. వైరును వరుసగా నడిపే గైడ్ లేకపోవడం దీని పెద్ద లోటు.

ప్రైమరీ, అంటే లోపలి లావు వైరు చుట్టడంలో మెషిన్‌కు వంక పెట్టలేం. చాలా పాయింట్ల కాయిళ్లలో 24 గేజ్ (0.56 మి.మీ.) ఎనామెల్ వైరు 170 నుంచి 200 టర్న్స్ ఉంటుంది. 180 టర్న్స్‌కు తొమ్మిది మీటర్ల చిల్లర వైరు పడుతుంది, మల్టీమీటర్లో మొత్తం 0.6 ఓం దగ్గర చూపిస్తుంది. పాతది విప్పే ముందే ఏ దిక్కుకు చుట్టారో, ఏ కొస కోర్‌కు అతికారో రాసిపెట్టుకోవాలి. దిక్కు తారుమారైతే ప్లగ్ నడి మొన పాజిటివ్ అవుతుంది. అప్పుడు స్పార్కుకు ఎక్కువ వోల్టేజీ కావాలి, చల్లటి ఇంజన్ మొండికేస్తుంది.

అసలు పరీక్ష సెకండరీ, అంటే ప్లగ్‌కు పెద్ద వోల్టేజీ ఇచ్చే సన్న వైరు చుట్టు దగ్గరే. 46 గేజ్, అంటే 0.06 మి.మీ. వైరు. అరవై గ్రాముల లాగుడుకే తెగుతుంది. రీలు తిరిగేలా పెట్టొద్దు. కదలకుండా నిలబెట్టి, వైరును పైకొస నుంచి తీసి, రెండు ఫెల్టు ముక్కల నడుమ నుంచి రానివ్వాలి. పదివేల టర్న్స్ అంటే హ్యాండిల్ 1,250 సార్లు తిప్పాలి. కౌంటర్ 9999 దాటితే మళ్లీ సున్నాకు వస్తుంది కనుక పొరపొరకూ అంకె పక్కన రాసుకోవాలి. 20 మి.మీ. బాబిన్‌లో అటూ ఇటూ రెండున్నర మి.మీ. ఖాళీ వదిలితే పొరకు సుమారు 200 టర్న్స్ పడతాయి, మొత్తం యాభై పొరలు.

కాగితం ఎందుకంటే లెక్క ఇదీ: పదివేల టర్న్స్ మీద 15,000 వోల్టులు పుడితే టర్నుకు ఒకటిన్నర వోల్టు. పక్కపక్క పొరల కొసల మధ్య 600 వోల్టుల తేడా వస్తుంది. ఒట్టి ఎనామెల్ దాన్ని ఎక్కువ రోజులు ఆపదు. ప్రతి పొర మీదా 0.025 మి.మీ. మైలార్ (పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్) గానీ కాయిల్ పేపర్ గానీ బాబిన్ నిండు వెడల్పున పడాలి. మోటర్లకు వాడే లెదరాయిడ్ కాగితం మందంగా ఉంటుంది, యాభై పొరలకు ఆ కాగితమే కోర్ సందు నింపేస్తుంది. ప్రైమరీకి, సెకండరీకి నడుమ మాత్రం నాలుగు చుట్లు మైలార్ వేయాలి. పైకి వెళ్లేకొద్దీ పొర వెడల్పు కొంచెం కొంచెం తగ్గించాలి. వైరు తెగితే అతుకు సోల్డర్ మొన నున్నగా ఉండాలి. ముల్లులా లేచిందంటే అక్కడే పంక్చర్.

మన దగ్గర వానకాలంలో చుట్టిన కాయిళ్లు త్వరగా పోవడానికి కారణం కాగితం పట్టిన తేమ. వంద డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, వేడి మీదే వార్నిష్‌లో ముంచి, బుడగలు పూర్తిగా ఆగేదాకా ఉంచాలి. చేతి వాక్యూమ్ పంపు ఉంటే మరీ మేలు. తర్వాత డబ్బా మీద రాసిన వేడి, సమయం పాటించి కాల్చాలి. లోపల గాలి మిగిలితే అక్కడ సన్నగా మెరుపులు పుట్టి ఎనామెల్‌ను తింటాయి. చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్టయి, ఇరవై నిమిషాలు నడిచాక ఆగిపోయే కాయిల్ చాలాసార్లు ఇలాంటిదే.

సెకండరీ ఐదు కిలో ఓంల దగ్గర ఉంటే వైరు తెగలేదని మాత్రమే తెలుస్తుంది, లోపల టర్న్స్ షార్టయితే మీటర్ పట్టుకోలేదు. బిగించి, ఆరు మి.మీ. గాలి సందులో స్పార్కు దూకుతుందో లేదో చూడాలి. ప్లగ్ వైరును గాలిలో వదిలేసి మాత్రం ఇంజన్ తిప్పొద్దు, దారి దొరకని కరెంటు కాయిల్ లోపలే చీల్చుకుంటుంది. పాయింట్లు 0.35 మి.మీ., కండెన్సర్ 0.2 నుంచి 0.25 మైక్రోఫారడ్, ఫ్లైవీల్‌కు కోర్‌కు నడుమ విజిటింగ్ కార్డు మందం సరిచూడకుండా కాయిల్‌ను తప్పుపట్టొద్దు.

ప్రైమరీ, లైటింగ్ కాయిళ్లు, సీడీఐ (పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ స్పార్కు) బండ్ల సోర్స్ కాయిళ్ల కోసమైతే ఈ మెషిన్ కళ్లు మూసుకుని కొనొచ్చు. హెచ్‌టీ (హై టెన్షన్) సెకండరీ కోసమే అయితే కొత్త కాయిల్ ఎక్కడా దొరకని ఇంజన్ చేతిలో ఉన్నప్పుడే కొనాలి. తైవాన్ స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్ల నల్లటి కాయిల్ జోలికి అసలు వెళ్లొద్దు. ఎలక్ట్రానిక్ ముక్కతో సహా ఎపాక్సీలో పోసేసి ఉంటుంది, విప్పితే బాబిన్ కూడా మిగలదు. దానికి కొత్తది తెచ్చి బిగించడమే.