ఫాంటసీ బేస్‌బాల్ యాప్: మూడు సీజన్లు ఆడాక 5కి మూడున్నర

ముందే చెప్తున్నా, ఇది ఉచితంగా ఆడే అమెరికా యాప్. నిజం బేస్‌బాల్ ఆటగాళ్లను ఎంచుకుని మన జట్టు కట్టుకోవాలి, వాళ్లు అసలు మ్యాచ్‌ల్లో ఆడినదాన్ని బట్టి మనకు స్కోరు. పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కొంచెం తిట్టబోతున్నా, పైగా ఇలాంటివి నాలుగైదు ఉన్నాయి, అన్నీ దాదాపు ఒకే తీరుగా పనిచేస్తాయి. డబ్బులు పెట్టి ఆడే ఫాంటసీ యాప్‌లు తెలంగాణలో 2017 చట్ట సవరణ వచ్చినప్పటి నుంచీ మనకు లేనట్టే, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేశాక దేశమంతా అదే కథ. కాబట్టి "ఎంత గెలిచినవ్ రా" అని అడిగేవాళ్లకు జవాబు సున్నా. మా లీగ్‌లో ఆఖరున వచ్చినోడు సంక్రాంతికి తన చేత్తో సకినాలు చుట్టి మిగతా తొమ్మిది మందికి పంపాలి, అంతే. స్వీట్ షాపులో కొన్నవి ఒప్పుకోం, వీడియో కాల్‌లో చుట్టి చూపించాలి. పోయిన ఏడు ఆ భాగ్యం నాకే దక్కింది. పిండి తడపడంలోనే సగం పని ఉందని, నేను చుట్టినవి జిలేబీల్లా ఉన్నాయని అమ్మ చెప్పాకే తెలిసింది.

మేం పది మందిమి, హనుమకొండలో ఇంజనీరింగ్ కలిసి చదివినవాళ్లం. నలుగురు అమెరికాలో, ముగ్గురు హైదరాబాద్‌లో, నేనూ ఇంకొకడూ ఇక్కడే హనుమకొండలో, ఒకడు కాజీపేటలో. 2023లో డల్లాసోడు లింక్ పంపి "క్రికెట్ లాంటిదే, మస్తుంటది" అని మమ్మల్ని ఎక్కించాడు. క్రికెట్ లాంటిదేం కాదు. 30 జట్లు, ఒక్కో జట్టుకు 162 మ్యాచ్‌లు, మార్చి చివర మొదలై సెప్టెంబర్ చివరిదాకా దాదాపు రోజూ ఆటే. రెండు నెలల ఐపీఎల్‌కే నీరసపడే ప్రాణాలు మావి.

యాప్‌గా చూస్తే బాగుంది. స్కోర్లు వెంటవెంటనే మారతాయి, ఎవరికి గాయమైందో ఎర్ర గుర్తుతో చూపిస్తుంది, పాత సీజన్ లెక్కలన్నీ ఒక్క నొక్కుడులో వస్తాయి, ప్రకటనలు కూడా తక్కువే. డ్రాఫ్ట్ రోజు (వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే రోజు) మాత్రం ఒకసారి ఏడిపించింది. ఆదివారం పొద్దున ఆరున్నరకు పెట్టుకున్నాం (వాళ్లకు శనివారం రాత్రి), పదహారో రౌండ్‌లో స్క్రీన్ బిగుసుకుపోయింది, తేరుకునే లోపు నా తరఫున యాప్ తానే ఒక పిచర్‌ని (మన బౌలర్ లాంటివాడు) తీసేసుకుంది. చూస్తే ఆయన మోచేతికి టామీ జాన్ సర్జరీ అయి ఆ ఏడాదంతా ఆడనే ఆడడు. కస్టమర్ సపోర్ట్‌కు రాస్తే "మీ ఇంటర్నెట్ చూసుకోండి" అన్నారు. అరమార్కు అక్కడ పోయింది.

మిగతా మార్కు పోయింది డిఫాల్ట్ రూల్స్ వల్ల. ఆ రూల్స్ అమెరికాలో సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చి, సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకునేవాడి కోసం రాసినవి. న్యూయార్క్‌లో రాత్రి 7:05కి మొదలయ్యే మ్యాచ్ మనకు తెల్లవారి 4:35కి. ఈ రోజు ఎవరు ఆడుతున్నారు, ఎవరికి రెస్ట్ ఇచ్చారు అన్న జాబితా ఆటకు కొన్ని గంటల ముందే వస్తుంది, అంటే మనం గాఢ నిద్రలో ఉన్నప్పుడు. డల్లాసోడు కాఫీ తాగుతూ ముగ్గుర్ని మార్చేస్తాడు, నేను పొద్దున లేచేసరికి నా బ్యాటర్లు ఇద్దరు బెంచీ మీద కూర్చుని సున్నాలు పెట్టి ఉంటారు. మొదటి సీజన్‌లో నెల రోజులు నాలుగింటికి అలారం పెట్టుకున్నా. భద్రకాళి గుడికి పోతున్నాననుకుని మా ఆవిడ సంతోషపడింది.

కాబట్టి వచ్చే సీజన్‌కు నా మొదటి ప్రతిపాదన, రోజువారీ లైనప్ తీసేసి వారానికోసారి పెట్టుకుందాం. సెట్టింగ్స్‌లో ఉంది, కమిషనర్ (మా లీగ్‌ను నడిపేవాడు) ఒక్కడే మార్చగలడు. సోమవారం ఆటలు మొదలయ్యేసరికి మనకు రాత్రి అవుతుంది, కాబట్టి పగలంతా తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. అమెరికా బ్యాచ్‌కు ఇది నచ్చదని తెలుసు. "రోజూ చూసుకోకపోతే ఇంక మజా ఏముంది" అంటారు. వాళ్ల మజా మన నిద్ర, అదీ సంగతి.

రెండోది కొత్త ఆటగాళ్లను తీసుకునే పద్ధతి. ఇప్పుడు ఎవడు ముందు నొక్కితే వాడిదే. ఒక జట్టులో క్లోజర్‌కు (ఆట చివర్లో వచ్చి గెలుపు కాపాడే పిచర్) గాయమైతే ఆ వార్త అక్కడి పగలు వస్తుంది, పది నిమిషాల్లో అతని స్థానంలో వచ్చేవాడిని న్యూజెర్సీవాడు ఎత్తుకుపోతాడు. అడిగితే "నువ్వు పండుకున్నవు, నేను తీసుకున్న" అంటాడు. దీనికి యాప్‌లోనే మందుంది, ఒక్కొక్కరికి సీజన్ మొత్తానికి 100 ఉత్తుత్తి డాలర్లు ఇస్తుంది, ఎవరికి ఎంత కావాలో గుట్టుగా పాట రాసుకోవాలి, ఎక్కువ రాసినోడికి ఆటగాడు. చిట్టీ పాట తెలిసినవాళ్లకు ఇది నేర్పక్కర్లేదు. తేడా ఒక్కటే, పక్కోడు ఎంత పాడాడో చివరిదాకా కనపడదు. ఏప్రిల్‌లోనే 60 డాలర్లు ఊడ్చేసి ఆగస్టులో చేతులు పిసుక్కునేవాళ్లు మా బ్యాచ్‌లో ఎవరో నేను ఇప్పుడే చెప్పగలను.

దానికి తోడు వారానికి నాలుగు మార్పులు చాలు. ఇప్పుడు హద్దే లేదు. స్టార్టింగ్ పిచర్ ఐదారు రోజులకోసారే వేస్తాడు కదా, కాజీపేటోడు రోజుకొక కొత్త పిచర్‌ని తెచ్చి, వాడి స్ట్రైకౌట్లు (బ్యాటర్లను ఔట్ చేసిన లెక్క) నొల్లుకుని, తెల్లారి వదిలేస్తాడు. రూల్ ప్రకారం తప్పులేదు. చూడ్డానికే బాగోదు.

ఇక నేను గట్టిగా పట్టుబట్టేది బ్యాటింగ్ యావరేజ్ గురించి. మాది పది విభాగాల లీగ్, బ్యాటింగ్‌లో ఐదు, పిచింగ్‌లో ఐదు. ఇక్కడ యావరేజ్ అంటే క్రికెట్‌లోలా పరుగుల లెక్క కాదు, బ్యాటింగ్ వంతుల్లో ఎన్నింట్లో హిట్ కొట్టాడన్న లెక్క, అందులో వాక్ లెక్కకు రాదు. వాక్ అంటే నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఉచితంగా మొదటి బేస్‌కు (పరుగు కోసం వరసగా తాకాల్సిన మూలల్లో మొదటిది) పోవడం. క్రికెట్‌లో వైడ్ వేస్తే జట్టుకు పరుగొస్తుంది, ఇక్కడ ఓపిగ్గా నిలబడ్డవాడికి మన ఫాంటసీలో దక్కేది గుండుసున్నా. 2024 చూడండి. లూయిస్ అరాయెజ్ .314తో నేషనల్ లీగ్ (ఆ 30 జట్లలో సగం ఉండేది) బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, హువాన్ సోటో .288. మన లీగ్ లెక్కలో ఆ విభాగంలో అరాయెజే గొప్ప. కానీ బేస్ మీదికి చేరిన శాతం తీస్తే అరాయెజ్ .346, సోటో .419, ఎందుకంటే సోటో ఆ ఏడు 129 వాక్‌లు తీసుకున్నాడు. ఏ జట్టు మేనేజర్‌ని అడిగినా ఎవరు కావాలంటాడో చెప్పక్కర్లేదు. అందుకే యావరేజ్ తీసేసి ఆన్‌బేస్ శాతం పెడదాం. "అలవాటైన లెక్క మార్చొద్దు" అని హైదరాబాదోళ్లు గొణిగారు. అరే, మనం చేరిన 2023లోనే అసలు ఆటే రూల్స్ మార్చుకుంది. పిచర్ గడువులోగా బంతి వేయాలని గడియారం పెట్టారు, బేసులను 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, దాంతో దొంగిలించిన బేసులు (పిచర్ బంతి వేసే సందులో పరిగెత్తి చేరినవి) 2,486 నుంచి ఒక్క ఏడాదిలో 3,503కి పోయాయి. అంత పాత ఆటకు లేని పట్టింపు మనకెందుకు?

ట్రేడ్‌ల (ఇద్దరు ఆటగాళ్లను మార్చుకోవడం) మీద ఓటింగ్ కూడా ఎత్తేయాలి. ఇప్పుడు నలుగురు కాదంటే ట్రేడ్ ఆగిపోతుంది. కుళ్లుతో ఆపినవే ఎక్కువ. మా లీగ్‌లో ఒక బావా బామ్మర్దీ ఉన్నారు, వాళ్లిద్దరి మధ్య ఏ ట్రేడ్ జరిగినా అందరికీ అనుమానమే, నాకూ అనుమానమే, అయినా కమిషనర్ ఒక్కడు చూసి, కావాలని కుమ్మక్కైతేనే ఆపాలి.

యాప్ చేయలేనిది ఒకటుంది, షోహెయ్ ఒటాని. బ్యాటూ ఆయనే, బంతీ ఆయనే. మా యాప్ ఆయన్ని ఇద్దరు ఆటగాళ్లుగా చీల్చింది, కొన్నిచోట్ల ఒక్కడిగానే ఉంచుతారు. మా యాప్‌లో మార్చుకునే మీట లేదు. 2024లో 54 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), 59 దొంగ బేసులు కొట్టిన మనిషిలో సగం ఒకడి దగ్గర, సగం ఇంకొకడి దగ్గర ఉంటే ఏం బాగుంటుంది? బ్యాటర్ ఒటానిని తీసుకున్నోడికే పిచర్ ఒటానిని తీసుకునే తొలి హక్కు ఇద్దామని, నోటిమాటగానే రూల్ పెట్టుకుందామని నా ఉద్దేశం.

మా లీగ్ ప్లేఆఫ్స్ కూడా ఒక వారం ముందే ముగించాలి. 2025లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21, బేస్‌బాల్ రెగ్యులర్ సీజన్ చివరి రోజు 28. సరిగ్గా మా ఫైనల్ వారం. తంగేడు పువ్వు కోసం ఊరవతల తిరుగుతూ ఫోన్‌లో పిచర్‌ని మార్చబోయి ఓడిపోయినవాడు మా గ్రూపులో ఉన్నాడు.

కొత్తగా లీగ్ పెట్టుకునేవాళ్లకు ఒక్క మాట, యాప్ ఈ సంగతి ఎక్కడా పెద్దక్షరాల్లో చెప్పదు. డ్రాఫ్ట్ అయిపోయాక మా యాప్‌లో స్కోరింగ్ విభాగాలకు తాళం పడుతుంది, ఇంక కమిషనర్ తలకిందులుగా నిలబడ్డా మారవు. మా డ్రాఫ్ట్ ఉగాది అయ్యాక వచ్చే ఆదివారం. పదిలో ఏడు ఓట్లు కావాలి, ఇప్పటికి నావైపు ఐదున్నాయి, కాజీపేటోడు ఆలోచిస్తానన్నాడు.