ఫెలోషిప్పా, ప్రాజెక్ట్ పోస్ట్‌డాకా?

థీసిస్ సబ్మిట్ చేసిన ప్రతి జూనియరూ నన్ను అడిగేది ఇదే: ప్రొఫెసర్ ప్రాజెక్టు గ్రాంటులో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక రిసెర్చ్ ఉద్యోగంలో చేరిపోనా, నా సొంత ప్రతిపాదనకి నా పేరు మీదే డబ్బిచ్చే ఫెలోషిప్‌కి రాయనా? నేను ముందు మొదటిది చేశాను, పోయినేడాది నుంచి రెండోదానిలో ఉన్నాను.

ప్రాజెక్టులో సుఖం ఉంది, కాదనను. ఇంటర్వ్యూ అయ్యాక త్వరగానే చేరిపోవచ్చు, పరికరాలు సిద్ధంగా ఉంటాయి, పేపర్లూ పడతాయి. ఫెలోషిప్ అంటే ఎదురుచూపులు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్ సంగతే చూడండి, సెప్టెంబర్‌లో అప్లై చేస్తే ఫలితం ఫిబ్రవరిలో వస్తుంది, స్కోరు మరీ తక్కువొస్తే అదే సంస్థలో పనిచేస్తానంటూ మరుసటి ఏడాది మళ్లీ పెట్టనివ్వరు. జీతం లేకుండా ఆ అయిదు నెలలు గడపడమంటే టెన్షనే.

అయినా నా దృష్టిలో తేల్చే విషయం ఒక్కటే: బయటికొచ్చేటప్పుడు మీరు పనిచేసిన రిసెర్చ్ సమస్య మీతో వస్తుందా, ల్యాబ్‌లోనే ఉండిపోతుందా? మొదటి ల్యాబ్ వదిలిన రోజు మూడేళ్ల నోట్‌బుక్కులు అలమరలో సర్ది తాళం ఇచ్చేశాను. అందులో తప్పేం లేదు, నోట్‌బుక్కులు ఎక్కడైనా సంస్థవే. కానీ తర్వాత ఒక ఫ్యాకల్టీ ఇంటర్వ్యూలో "ఇదంతా మీ ప్రొఫెసర్ లైనే కదా, మీ సొంతది ఏది?" అని అడిగితే స్లైడ్ వంక చూస్తూ నిలబడ్డా. పేపర్లు అయిదున్నాయి, జవాబు మాత్రం లేదు.

ఫెలోషిప్ అప్లికేషన్ ఆ జవాబునే ముందుగా రాయిస్తుంది. మేరీ క్యూరీలో అది పది పేజీలు, రాకపోయినా ఆ పేజీలు ఎక్కడికీ పోవు, నాకు వచ్చింది రెండో ప్రయత్నంలోనే. అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే కె99-ఆర్00 గ్రాంటు ఇంకా నయం, రెండేళ్ల వరకు ఒకరి దగ్గర పనిచేసి, ఫ్యాకల్టీ పోస్టు దొరికితే మిగతా మూడేళ్ల డబ్బుతో అక్కడికి వెళ్లొచ్చు. కాకపోతే పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకముందే అప్లై చేయాలి, ప్రాజెక్టులో గడిపిన ఏళ్లూ ఆ లెక్కలోకే వస్తాయి.

టీచింగ్ కాంట్రాక్టు, కంపెనీ పోస్ట్‌డాక్ కూడా ఉన్నాయి. మొదటిదాంట్లో రిసెర్చ్‌కి మిగిలేది సెలవులే, రెండోదాంట్లో పేపర్ వేయనిస్తారో లేదో ముందే కనుక్కోండి.

ఇల్లు గడవాలంటే ప్రాజెక్టులోనే చేరండి, నేనూ అందుకే చేరాను. చేరేముందు మాత్రం "వెళ్లేటప్పుడు ఇందులో ఏ భాగం నేను తీసుకెళ్లొచ్చు?" అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. "చూద్దాంలే" అన్నారంటే చేరిన నెలలోనే ఫెలోషిప్ అప్లికేషన్ మొదలుపెట్టండి.