డౌన్‌టౌన్ ప్లాన్‌ని సవరించాలా, ముగించి బాండు అడగాలా? ఏది మేలు?

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఏ నగరమైనా సరే, డౌన్‌టౌన్ అర్బన్ రెన్యూవల్ ప్లాన్ (నగరం నడిబొడ్డుని బాగుచేసే పథకం) కింద తేగల అప్పు పరిమితి దగ్గరపడగానే కౌన్సిల్ ముందుకు రెండు దారులు వస్తాయి. ప్లాన్‌ని సవరించి, పరిమితి పెంచి, కొత్త ప్రాజెక్టులు చేర్చడం ఒకటి. ప్లాన్‌ని ముగించి, కావలసిన పనికి బాండు (అదనపు ఆస్తి పన్నుతో తీర్చే అప్పు) పెట్టి ఓటర్లను అడగడం రెండోది. "సవరిస్తే పన్ను రేటు పెరగదు" అన్న ఒక్క మాటతో చాలామంది మొదటిదానికే మొగ్గుతారు. ఆ మాట చాలావరకు నిజమే, కానీ లెక్క అక్కడితో అయిపోదు.

ప్లాన్ మొదలైనప్పుడు ఆ ప్రాంతంలో ఆస్తుల పన్ను విలువ ఎంతో రాసి పెట్టుకుంటారు. 10 కోట్ల డాలర్లు అనుకుందాం. ఆపైన పెరిగే విలువ మీద పన్ను నగరానికి, కౌంటీకి కాకుండా అర్బన్ రెన్యూవల్ ఏజెన్సీకి పోతుంది. ఆ రాబడిని చూపించి ఏజెన్సీ అప్పు తెస్తుంది. 15 ఏళ్లకు విలువ 18 కోట్లయితే, పెరిగిన 8 కోట్లూ ప్లాన్ చలవే అంటారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఓటర్లు ఆమోదించిన 1997 నాటి ఆస్తి పన్ను చట్టం మెజర్ 50 ప్రకారం, కొత్తగా ఏమీ కట్టని ఆస్తి పన్ను విలువ ఏడాదికి 3 శాతం మించి పెరగకూడదు. మార్కెట్ ధర దానికి బాగా పైన ఉన్నచోట మాత్రం ఆ 3 శాతం ఏటా పెరుగుతూనే ఉంటుంది. ఆ లెక్కన ఇటుక మీద ఇటుక పెట్టకపోయినా 10 కోట్లు 15 ఏళ్లకు దాదాపు 15.6 కోట్లవుతుంది. అంటే 8 కోట్లలో ఐదున్నర కోట్లు ఎలాగూ వచ్చేవే. వాటి మీద పన్ను కౌంటీకి, లైబ్రరీ డిస్ట్రిక్టుకి (లైబ్రరీల కోసం పన్ను వసూలు చేసే స్థానిక సంస్థకి) దక్కాల్సింది. స్కూళ్ల నష్టాన్ని చాలావరకు రాష్ట్ర నిధి సర్దుతుంది, అంటే ఆ భారం రాష్ట్రమంతా పంచుకుంటుంది.

బాండుతో ఈ తిరకాసు లేదు. ఎంత కట్టాలో బిల్లులోనే కనిపిస్తుంది, ఓటర్లు ఒప్పుకుంటేనే పడుతుంది. కాకపోతే ఆ డబ్బుతో సాధారణంగా ప్రభుత్వ ఆస్తులే కట్టాలి. ఖాళీగా పడున్న భవనం బాగు చేసుకోవడానికి యజమానికి లోన్ ఇవ్వడం కుదరదు. ఓటింగ్‌లో ఓడిపోతే పని ఆగిపోతుంది.

యూజీన్ నగరం 1968లో పెట్టుకున్న డౌన్‌టౌన్ ప్లాన్‌ని ఇప్పటికి చాలాసార్లు సవరించింది. 2016 సవరణలో ఫైబర్ ఇంటర్నెట్, ఫార్మర్స్ మార్కెట్ స్థలం లాంటివి చేర్చింది. ఫైబర్‌కి ఈ డబ్బు సరిగ్గా సరిపోతుందని నా అభిప్రాయం. దానివల్ల ఆఫీసులు అద్దెకు పోతాయి, పన్ను విలువ పెరిగేది కూడా ఆ ప్రాంతంలోనే. మార్కెట్‌కి ఊరంతా వస్తుంది కాబట్టి అలాంటిదానికి ఊరంతటినీ అడగడమే న్యాయం.

అలాగని సవరణకు పగ్గాలు లేవని కాదు. అప్పు పరిమితి పెంచాలంటే పన్ను పంచుకునే సంస్థలకు (కౌంటీ, లైబ్రరీ డిస్ట్రిక్టు లాంటివాటికి) ముందుగా తెలిపి, జవాబివ్వడానికి 45 రోజులు గడువివ్వాలి. పబ్లిక్ హియరింగ్ పెట్టాలి. సవరణ ఆర్డినెన్సుని ఎమర్జెన్సీ పేరుతో, వెంటనే అమలయ్యేలా పాస్ చేయకూడదు కాబట్టి సంతకాలు సేకరించి రెఫరెండం (ఓటర్ల తీర్పు) కోరే వీలుంటుంది. పెంపు మొత్తం మొదటి పరిమితిలో 20 శాతం దాటితే (ధరల పెరుగుదల సర్దుబాటు కలిపి), శాశ్వత పన్ను రేటు (ఒక్కో సంస్థకు స్థిరంగా నిర్ణయించిన రేటు) రాబడిలో 75 శాతం వాటా ఉన్న సంస్థల అంగీకారం కావాలి.

నన్నడిగితే, ప్రాజెక్టుల పేర్లు, ఒక్కోదానికి ఖర్చు, ప్లాన్ ముగిసే ఏడాది స్పష్టంగా రాసి, ఆ పనులు డౌన్‌టౌన్ ఆస్తుల విలువ పెంచేవే అయితే సవరణ మేలు. "ఇతర అభివృద్ధి పనులు" అని ఒక్క పద్దు కింద కోట్లు పెడితే మాత్రం ఆ ప్లాన్‌ని ముగించడమే మంచిది. అప్పు తీరాక పన్నంతా సంస్థలకు తిరిగి చేరుతుంది, పార్కుకో లైబ్రరీకో బాండు అడగవచ్చు.

ప్లాన్‌తో పాటు ఇచ్చే రిపోర్టులో ఏ సంస్థ ఎంత పన్ను వదులుకుంటుందో అంచనా ఉంటుంది. హియరింగ్‌కి వెళ్లేవాళ్లు ముందు ఆ పేజీలే తీయండి. ప్రాజెక్టులు లేకపోయినా వచ్చే 3 శాతం పెరుగుదలని అందులోంచి విడదీసి చూపించమని కౌన్సిల్‌ని అడగండి.