పాత టవర్‌లో కొత్త ప్యాకింగ్: పనికి మంచి మార్కులు, సర్వీసుకి అత్తెసరు

పైడిభీమవరంలో మా ప్లాంటు సాల్వెంట్ రికవరీ టవర్‌కి (వాడేసిన ద్రావకాన్ని మరిగించి శుద్ధిచేసి తిరిగి రాబట్టేది) ఫీడ్ కాస్త పెంచితే చాలు, కిందికీ పైకీ ప్రెషర్ తేడా చూపే డీపీ గేజ్ ముల్లు ఒక్కసారిగా ఎగబాకి, ద్రవం కిందికి దిగక టవర్ ఫ్లడ్ అయిపోయేది. కొత్త టవర్ కొనే బదులు షెల్ అలాగే ఉంచి లోపలి ప్యాకింగ్, అంటే ఆవిరీ ద్రవమూ బాగా కలిసేలా నింపే సరుకు, మార్చే కంపెనీకి (పేరెందుకులెండి) పని ఇచ్చాం.

పాత 25 ఎంఎం పాల్ రింగులు (గుట్టగా పోసే చిన్న బోలు రింగులు) తోడేసి, 250 ఎక్స్ స్ట్రక్చర్డ్ ప్యాకింగ్, అంటే వరుసగా పేర్చిన ముడతల రేకులు, వేశారు. ఉపరితలం ఘనమీటరుకి 250 చదరపు మీటర్లు, ముడతలు 60 డిగ్రీల్లో నిటారుగా ఉండటంతో ఆవిరి సులువుగా పైకి పోతుంది, 45 డిగ్రీల వై రకం కంటే కెపాసిటీ ఎక్కువే గానీ సెపరేషన్ కాస్త తగ్గుతుంది. మాకు బెడ్ ఎత్తు చాలినంత ఉంది కాబట్టి సరిపోయింది. ఫీడ్‌లో మడ్డి ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకండి, పూడుకుపోతుంది.

నాకు నచ్చింది డిస్ట్రిబ్యూటర్ (ప్యాకింగ్ మీద ద్రవాన్ని సమానంగా పరిచే రంధ్రాల తొట్టి) పని. పాతది పనికిరాదని ముఖాన్నే చెప్పి, కొత్తదాన్ని బిగించే ముందు కిందే నీళ్లు పోసి ప్రతి రంధ్రం నుంచీ ధార సమానంగా పడుతోందో లేదో చూపించారు, టవర్‌లో పెట్టాక మళ్లీ లెవెల్ ట్యూబు పట్టారు. అది వంకరగా కూర్చుంటే ఎంత ఖరీదైన ప్యాకింగైనా బూడిదలో పోసిన పన్నీరే.

సర్వీసు సంగతా? వాల్ వైపర్లు (ద్రవం గోడ వెంట జారిపోకుండా ప్యాకింగ్ చుట్టూ పెట్టే పట్టీలు) తక్కువ పంపి, షట్‌డౌన్ మధ్యలో ఫోన్ ఎత్తలేదు, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కింద ద్రవాన్ని మరిగించే రీబాయిలర్, పైన ఆవిరిని చల్లబరిచే కండెన్సర్ పెరిగిన లోడుకి తట్టుకుంటాయా అని ముందు ఒక్క ముక్క కూడా అడగలేదు. ఇప్పుడు టవర్ లోడు బాగానే లాగుతోంది గానీ, ఎండలు ముదిరితే కండెన్సర్ చేతులెత్తేస్తోంది. ఐదుకి మూడున్నర.