కేయాస్‌లో నిజమైన జంతువా, మాయ జంతువా?

1985లో జూలియన్ గోలప్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ కోసం చేసిన కేయాస్ అనే వీడియోగేమ్‌లో ఎనిమిది మంది దాకా మాంత్రికులుగా తలపడొచ్చు. వైజాగ్‌లో ఆదివారం ఎంవీపీ కాలనీ కుర్రాళ్లు నలుగురు ఒకే ల్యాప్‌టాప్ ముందు చేరితే ఇంతకన్నా మంచి ఆట లేదంటాను. టర్నుకి ఒక్క మంత్రమే. జంతువును పిలిచినప్పుడల్లా నిజమైనదా, మాయదా అని ఆట అడుగుతుంది.

నిజమైనదైతే మంత్రం బెడిసికొట్టొచ్చు. బంగారు డ్రాగన్‌కి అవకాశం మరీ తక్కువ. కానీ వచ్చిందంటే, దాన్ని వదిలించుకోవడం తేలిక కాదు.

మాయది మాత్రం తప్పకుండా వస్తుంది. నిజమైనదానిలాగే కొరుకుతుంది, చంపుతుంది. చిక్కల్లా 'నమ్మను' మంత్రంతోనే. అది అందరి దగ్గరా ఉంటుంది, ఎన్నిసార్లు వాడినా అయిపోదు. తగిలిందా, మీ మాయ జంతువు అక్కడికక్కడే మాయం! అయితే అది వేసినవాడికి ఆ టర్నులో ఇంకో మంత్రం ఉండదు. మీది నిజమైనదే అయితే వాడి టర్ను వృథా.

మొదటి టర్నులోనే డ్రాగన్ దిగితే ఎవరు నమ్ముతారు? అందుకే కొత్తవాళ్లకి నా సలహా: తేలిగ్గా వచ్చే నాగుపామును నిజంగానే పిలవండి, సింహంలాంటి మధ్యరకం వాటికి మాయ వాడండి. సింహాన్ని చూసి అనుమానపడాలా వద్దా అని ఎదుటివాడికి టెన్షన్ పట్టుకుంటుంది.