ఫేస్‌లిఫ్ట్‌కి అడ్వాన్సు కట్టేముందు ఇది చదవండి: నాకు డీప్ ప్లేన్ అని చెప్పి చర్మం లాగి కుట్టి పంపారు

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎవరైనా ఫేస్‌లిఫ్ట్, అంటే జారిన ముఖాన్ని పైకి బిగించే ఆపరేషన్, చేయించుకోవాలనుకుంటుంటే, అడ్వాన్సు కట్టడానికి ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. చర్మం కింది పొరని కూడా పైకి జరిపే డీప్ ప్లేన్ ఫేస్‌లిఫ్ట్ అని చెప్పి నా దగ్గర రెండు లక్షల ఎనభై వేలు తీసుకున్నారు. చేసింది మాత్రం చెవి ముందు చర్మం కోసి, లాగి, మిగిలింది కత్తిరించి కుట్టడం. ఆ సంగతి నాకు ఏడు నెలల తర్వాత గానీ తెలియలేదు. కేసు నడుస్తోంది కాబట్టి క్లినిక్ పేరు రాయడం లేదు. వాళ్లు నన్ను ఎలా ఒప్పించారో, నేను ఏం అడగకుండా వదిలేశానో రాస్తాను. మీకు పనికొచ్చేది అదే.

నాకు 53 ఏళ్లు. విజయనగరం దగ్గర హైస్కూల్లో టీచర్‌ని. షుగర్ వచ్చేలా ఉందని డాక్టర్ హెచ్చరిస్తే ఏడాదిన్నరలో 17 కిలోలు తగ్గాను. ఒంటికి మంచే జరిగింది. ముఖం మాత్రం జారిపోయింది. బుగ్గలు దవడ మీదకి దిగాయి, మెడ కింద చర్మం వేలాడింది. గంటస్తంభం దగ్గర కూరలు కొంటుంటే తెలిసినవాళ్లు ఆపి "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగేవారు. ఒకావిడ మావారిని పక్కకి పిలిచి, క్యాన్సరా అని మెల్లగా అడిగింది. ఈ వయసులో ఇదేం కోరిక అనేవాళ్లు ఉంటారని తెలుసు. రోజూ అలా అడిగించుకుంటే ఎలా ఉంటుందో కూడా నాకు తెలుసు. చేయించుకోవాలనుకోవడం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

నేను వెళ్లింది బయట ఊరి నుంచి నెలకి రెండు ఆదివారాలు డాక్టర్ వచ్చి వెళ్లే చోటు. డాక్టర్ నాతో ఐదు నిమిషాలు మాట్లాడారు. ఆ తర్వాత ముప్పావుగంట కౌన్సెలర్ అనే అమ్మాయి మాట్లాడింది. ట్యాబ్‌లో ఫోటోలు చూపించి మూడు ప్యాకేజీలు చెప్పింది: థ్రెడ్ లిఫ్ట్, మినీ లిఫ్ట్, డీప్ ప్లేన్. "డీప్ ప్లేన్ అయితే పదేళ్లు చూసుకోనక్కర్లేదు మేడమ్, ఇప్పుడు పెద్దవాళ్లంతా ఇదే చేయించుకుంటున్నారు" అంది. మా అప్ప, అంటే అక్క, శ్రీకాకుళం నుంచి నాకు తోడుగా వచ్చింది. తను ఒక్కటే అడిగింది, "ఇంతకీ లోపల ఏం చేస్తారమ్మా?" అని. "అదంతా డాక్టర్ గారు చూసుకుంటారండీ" అని ఆ అమ్మాయి నవ్వేసింది. అప్ప నా వైపు చూసింది. నేను అప్పటికే పర్సు తీస్తున్నాను.

ఆ రోజు నాకు తెలియనిది, తర్వాత విశాఖలో ఒక సీనియర్ ప్లాస్టిక్ సర్జన్ గంటసేపు కూర్చోబెట్టి చెప్పింది ఇది. "దిండులో దూది ఒక మూలకి దిగిపోయిందనుకో. గలేబు లాగి బిగించి కుడితే దూది పైకొస్తుందా?" అని అడిగారు. ముఖంలో చర్మం కింద కొవ్వు, దాని కింద స్మాస్ అనే పల్చని గట్టి పొర ఉంటాయి. కింద మెడ కండరంతో అది కలిసిపోతుంది. మిట్జ్, పేరోనీ అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు 1976లో దాన్ని వివరంగా రాశారు. వయసుతో బుగ్గ జారడమంటే ఈ లోపలి పొర, దానితోపాటు కొవ్వు కిందకి దిగడం. పై చర్మం ఒక్కదాన్నే లాగితే బరువంతా చర్మమే మోయాలి. చర్మానికి సాగే గుణం ఉంది కాబట్టి కొన్ని నెలల్లో మళ్లీ జారుతుంది. ఈలోగా ఆ లాగుడుకి కుట్టు మచ్చ వెడల్పవుతుంది, చెవి తమ్మె కిందకి సాగి దవడకి అతుక్కున్నట్టు అవుతుంది. నా రెండు చెవులకీ ఇప్పుడు అలాగే ఉంది, కుడివైపు మరీ ఎక్కువ.

అందుకే ఇప్పుడు పేరున్న పద్ధతులన్నీ ఆ లోపలి పొర మీదే పని చేస్తాయి. తేడా అంతా దాన్ని ఎలా పట్టుకుంటారన్నదాంట్లో ఉంది. పొరని కోయకుండా మడతపెట్టి కుట్టడం ఒకటి, దాన్ని ప్లైకేషన్ అంటారు. పొరలో కొంత ముక్క తీసేసి అంచులు కలిపి కుట్టడం ఇంకొకటి. మాక్స్ లిఫ్ట్ అనేది బెల్జియంలోని గెంట్ నగరపు సర్జన్లు టోనార్డ్, వెర్పేలె 2002లో ప్రచురించిన పద్ధతి. చెవి ముందు చిన్న కోత పెట్టి, సంచి మూతికి తాడు బిగించినట్టు లోపల కుట్లు వేసి, పొరని నిట్టనిలువుగా పైకి లాగి కడతారు. మెడ బాగా జారినవాళ్లకి అది ఒక్కటే చాలకపోవచ్చు. డీప్ ప్లేన్ అయితే ఆ పొర కిందకి వెళ్తారు. ముఖాన్ని ఎముకకి కట్టిపడేసే లిగమెంట్లను విడిపించి, చర్మాన్నీ పొరనీ వేరు చేయకుండా ఒకే ముద్దగా పైకి జరిపి కడతారు. అమెరికా సర్జన్ సామ్ హామ్రా 1990లో దీని గురించి రాశారు. లాగుడంతా లోపలి పొర మీదే పడుతుంది కాబట్టి చర్మం కుట్టు దగ్గర బిగువు ఉండదు. కానీ ముఖాన్ని కదిలించే నరం కొమ్మలు ఆ పొర కిందే ఉంటాయి. అక్కడ చెయ్యి పెట్టాలంటే ప్రత్యేకంగా నేర్చుకుని ఉండాలి.

ఆ సర్జన్ ఇంకో మాట కూడా చెప్పారు. డీప్ ప్లేనే అందరికీ మేలని ఇంతవరకూ గట్టిగా తేలలేదట. అలవాటున్న చేతిలో మామూలు ప్లైకేషన్ కూడా చక్కటి ఫలితం ఇస్తుందట. ఆ పేరుకున్న మోజు చూసి దానికి ఎక్కువ రేటు పెట్టి అమ్మేవాళ్లున్నారు. నేను మోసపోయింది అక్కడే. పేరు కొన్నాను, పని ఏమిటో అడగలేదు.

చర్మం కింద దారాలు దూర్చి లాగే థ్రెడ్ లిఫ్ట్‌ని కోత లేని ఫేస్‌లిఫ్ట్ అని మన దగ్గర బాగా అమ్ముతున్నారు. ఎక్కువగా వాడే పీడీఓ దారాలు ఆరేడు నెలల్లో ఒంట్లో కరిగిపోతాయి. కొద్దిగా జారినవాళ్లకి కొంతకాలం పనికొస్తాయేమో గానీ, నాలా 17 కిలోలు తగ్గి చర్మం వేలాడేవాళ్లకి అవి చెయ్యగలిగింది తక్కువ.

ఇక ఆపరేషన్ రోజు. లోపలికి వెళ్లినప్పటి నుంచి కట్టు కట్టేదాకా గంటా ఇరవై నిమిషాలు. ముఖానికీ మెడకీ డీప్ ప్లేన్ సరిగ్గా చేయాలంటే గంటలకి గంటలు పడుతుందని అప్పుడు తెలియదు. త్వరగా అయిపోయిందని సంతోషించాను కూడా. మత్తు డాక్టర్ ఎవరూ లేరు, ముఖం మొద్దుబార్చే సూదిమందుతోనే చేశారు. నాకు బీపీ ఉంది, ఆస్పిరిన్ మాత్ర వేసుకుంటాను. ఆ మాట ఫారంలో రాశాను గానీ ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

ఆ రాత్రి పదకొండు గంటలకి కుడి చెంప బిగిసిపోయి, నల్లగా కమిలి, చూస్తుండగానే ఉబ్బింది. చెవి దగ్గర పొడిచినట్టు నొప్పి. క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఎత్తినావిడ "ఐస్ పెట్టండి, అందరికీ ఉంటుంది" అంది. డాక్టర్ అప్పటికే రైలెక్కేశారు. మావారూ, అప్పా నన్ను కారులో విశాఖ తీసుకెళ్లారు. ఆ గంటన్నర నేను అనుభవించిన టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. అక్కడ క్యాజువాలిటీలో కుట్లు విప్పి గడ్డకట్టిన రక్తం తీశారు. ఫేస్‌లిఫ్ట్ తర్వాత ఎక్కువగా వచ్చే చిక్కు ఈ రక్తపు గడ్డే. చాలావరకు మొదటి 24 గంటల్లోనే వస్తుంది. బీపీ ఉన్నవాళ్లకీ, మగవాళ్లకీ ఆ ప్రమాదం ఎక్కువ. తీయకుండా వదిలేస్తే పైన చర్మం చచ్చిపోవచ్చు. ఒక వైపు మాత్రమే గట్టిగా ఉబ్బి నొప్పి పెరుగుతుంటే ఐస్ పెట్టుకుని కూర్చోకండి, వెంటనే వెళ్లండి. రక్తం పల్చబరిచే మాత్రలు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపొద్దు. గుండె డాక్టర్, సర్జన్ మాట్లాడుకుని చెప్పాలి. సిగరెట్ తాగేవాళ్లు కనీసం నాలుగు వారాల ముందే మానేయాలి. పొగ వల్ల చర్మానికి రక్తం అందక కుళ్లిపోయే ప్రమాదం ఉంది.

మూడు వారాలకి ముఖం బాగానే కనిపించింది. స్కూల్లో అందరూ మెచ్చుకున్నారు. అది వాపు. వాపులో ముడతలు కనబడవు. క్లినిక్‌లో గోడ మీద ఉన్న ఫోటోలు కూడా ఆ దశలో తీసినవేనేమో అని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. ఫోటోలు చూపిస్తే ఏడాది తర్వాత తీసినవి అడగండి. గడ్డం ఎత్తకుండా, నవ్వకుండా, ఒకే వెలుతురులో, పక్క నుంచి తీసినవి. జుట్టు వెనక్కి తీసి చెవి కనిపించేవి తప్పకుండా అడగండి.

ఐదో నెలకి దవడ మళ్లీ జారింది. కుడి చెవి కింద భాగం ఇప్పటికీ మొద్దుబారే ఉంది. అడిగితే "మీ చర్మం తత్వం అంతే" అన్నారు. అప్పుడు కేస్‌షీట్ కావాలని రాతపూర్వకంగా అడిగాను. పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల నియమావళిలోనే ఉంది. ఇచ్చారు. ఆపరేషన్ నోట్సులో చర్మం లేపాం, అదనపు చర్మం తీశాం, కుట్టాం అని మూడు లైన్లు. స్మాస్ అన్న మాటే లేదు. నేను సంతకం పెట్టిన ఒప్పుకోలు కాగితం మీద కూడా ఫేస్‌లిఫ్ట్ అని మాత్రమే ఉంది, డీప్ ప్లేన్ అని లేదు.

కాబట్టి సంతకం పెట్టేముందు ఆ కాగితం మీద పద్ధతి పేరు, ఏ పొర మీద పని చేస్తారు, ఎక్కడెక్కడ కోత పెడతారు, మత్తు ఎవరిస్తారు, రాత్రి ఏదైనా అయితే ఎవరు చూస్తారు అన్నవి తెలుగులో రాయించుకోండి. ఒక చికిత్సకి ఇచ్చిన ఒప్పుకోలు ఇంకో చికిత్సకి చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. డాక్టర్ ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ చదివారో లేదో రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరుతో చూసుకోండి. బోర్డు మీద కాస్మెటాలజీ అని ఉన్నంత మాత్రాన సర్జన్ అయిపోరు. ఆ క్లినిక్‌కి డీఎంహెచ్‌ఓ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి.

బిల్లు విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. అందం కోసం చేసే సర్జరీకి జీఎస్టీ ఉంది. "క్యాష్ ఇస్తే అది తగ్గిస్తాం మేడమ్" అన్నారు, లక్షన్నర క్యాష్ ఇచ్చాను. ఆ లక్షన్నరకి నా దగ్గర కాగితం లేదు. మిగతాది ఫోన్‌పేలో కట్టాను కాబట్టి బతికిపోయాను. మీరు క్లినిక్‌కి కట్టింది ఐదు లక్షల లోపైతే వినియోగదారుల కమిషన్‌లో కేసుకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఎలా వేయాలో తెలియకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అడగండి. నేను విజయనగరంలోనే వేశాను, మొదటి వాయిదా అయింది.

సరిచేయాలంటే మచ్చలు మెత్తబడేదాకా, కనీసం ఏడాది ఆగమన్నారు విశాఖ సర్జన్. వేసవి సెలవుల్లో మళ్లీ రమ్మన్నారు. అప్పటిదాకా కుడి చెవికి దుద్దు పెట్టుకోవద్దన్నారు, తమ్మె ఇంకా సాగుతుందట. అమ్మ ఇచ్చిన ఆ జత దుద్దులు అప్ప దగ్గర దాచమని ఇచ్చాను.