దుబాయి నుంచి బాపు గొంతు: వాట్సాప్ వాయిస్ మెసేజ్‌తో మా అనుభవం

మా ఆయన దుబాయిలో భవన నిర్మాణ పనిలో ఉన్నారు. జగిత్యాల దగ్గరి ఊళ్లో నేను, మా అత్త, నాలుగేళ్ల కొడుకు ఉంటాం. తండ్రీకొడుకుల మధ్య అనుబంధం సడలకుండా చూడటానికి ఫోనులో మాకు బాగా పనికొచ్చింది వాట్సాప్ వాయిస్ మెసేజ్. 2013 నుంచీ ఉన్న సదుపాయమే అయినా, దీని విలువ మాకు ఆలస్యంగా తెలిసింది.

మొదట వీడియో కాల్‌నే నమ్ముకున్నాం. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మామూలుగా కలవవు కనుక మా ఆయన డబ్బు కట్టి వేరే యాప్ తీసుకున్నారు. అందులో బొమ్మ మాటిమాటికీ ఆగిపోయేది. అంతకంటే పెద్ద చిక్కు సమయానిది. దుబాయి మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది కాబట్టి, ఆయన పని ముగించుకొని, తిని, తొమ్మిదింటికి ఫోను పట్టుకునేసరికి ఇక్కడ పదిన్నర అయ్యేది. నిద్రలోంచి లేపితే వీడు ముఖం తిప్పుకొనేవాడు, కొడుకు తనను మరిచిపోతున్నాడని ఆయన దిగులుపడేవారు.

వాయిస్ మెసేజ్‌కు ఇద్దరూ ఒకే వేళకు మేలుకొని ఉండనక్కరలేదు. రాత్రి వచ్చినదాన్ని వీడు పొద్దున పాలు తాగుతూ నాలుగైదుసార్లు వింటాడు. వేగం రెండింతలు చేసి, బాపు గబగబా మాట్లాడుతున్నాడని నవ్వుతాడు. ఈ వయసు పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. వినడానికి తెరతో పనే లేదు.

అయితే ఏం మాట్లాడుతున్నారన్నది ముఖ్యం. మొదట్లో ఆయన "అన్నం తిన్నవా, బడికి పోయినవా" అని ఆరా తీసేవారు, వీడు "ఆఁ" అని ఉరికేవాడు. ఒకనాడు క్యాంపు వెనుక పిల్లి ఈనిందని చెప్పారు. మర్నాడు వీడే మైకు గుర్తును నొక్కిపట్టి, "బాపూ, పిల్లిపిల్లలు కండ్లు తెరిచినయా?" అని అడిగాడు. ఆ రాత్రే జవాబు వచ్చింది. బిడ్డ పిలుపుకు పెద్దలు స్పందించే తీరును బట్టే అనుబంధం బలపడుతుందని పిల్లల మనసును అధ్యయనం చేసిన జాన్ బౌల్బీ, మేరీ ఎయిన్స్‌వర్త్ చెప్పింది చదివినప్పుడు నాకు ఈ పిల్లులే గుర్తుకొచ్చాయి.

నా ఒంటరితనానికి మాత్రం ఇది చాలలేదు. దానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కు ఫోన్ చేశాను. ఉచితం, తెలుగులోనే మాట్లాడారు.

ఒక లోపం చెప్పాలి. ఈ మాటలన్నీ ఫోనులోనే ఉంటాయి, బ్యాకప్ పెట్టుకోకపోతే దానితోనే పోతాయి. పగిలిన తెర మార్చమని ఇస్తే దుకాణంలో మెమరీ అంతా చెరిపేశారు. పిల్లిపిల్లల ముచ్చట కూడా అందులోనే పోయింది. ఇప్పుడు ప్రతి ఆదివారం మా తమ్ముని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటున్నాను.